గుప్పెడు బియ్యం ఎటు నుంచి ఎటు పోయింది?

పోస్టు పెద్దది. ఒక్క ఊపులో చదవలేకపోతే సేవ్ చేసుకొని రాత్రి స్టడీ అవర్ అయ్యాక చదవండి.

పోయిన నెల మన గ్రూపులో జరిగిన గొడవ అందరికీ గుర్తుండే ఉంటది. "మీ తాతలు బియ్యానికీ పాలపొడికీ మతం మారిండ్రు" అని ఒకరు రాశారు. "మా అమ్మ ఎంత ఇచ్చిందో నీకేం తెలుసు" అని ఇంకొకరు తిరగబడ్డారు. మాటా మాటా పెరిగి ఇద్దరూ గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఇద్దరూ మన పిల్లలే. ఒకే ఆశ్రమ పాఠశాలలో ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు.

మా హాస్టల్ గదిలో ఆరుగురం ఉంటాం. ముగ్గురి ఇళ్లలో ఆదివారం చర్చికి పోతారు, ఇద్దరి ఇళ్లలో పోరు, ఒకరింట్లో అమ్మ పోతది, నాన్న పోడు. కాబట్టి ఆ గొడవ మా గదిలోకి కూడా వచ్చింది. అరుచుకునే బదులు చదువుదాం అనుకొని కాలేజీ లైబ్రరీలో కూర్చున్నాం. ఏ దేవుడు గొప్ప అనేది మేం తేల్చే పని కాదు. మేం చూసింది వేరే: ధాన్యం, డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయినయ్, వాటి లెక్క ఎవరి దగ్గర ఉన్నది. చూసినకొద్దీ, మన గ్రూపులో కొట్టుకున్న ఇద్దరి మాటలకూ చరిత్రలో జవాబు దొరుకుతుందనిపించింది.

ముందు మనలాంటి వాళ్ల కథ. మిజోరం. అప్పట్లో దాన్ని లుషాయి కొండలు అనేవారు. కొండల మీద పోడు కొట్టుకొని వరి పండించే జనం. 1894 జనవరిలో లొరైన్, సావిడ్జ్ అనే ఇద్దరు మిషనరీలు అక్కడికి చేరారు. మిజో భాషకు అప్పటిదాకా లిపి లేదు, వాళ్లే రోమన్ అక్షరాలతో దానికి లిపి కూర్చారు. వాళ్లను పంపిన డబ్బు ఇంగ్లండులోని లీడ్స్ నగరానికి చెందిన రాబర్ట్ ఆర్థింగ్టన్ అనే ఆసామిది. ఈయన సంగతి చదివితే నవ్వాలో దండం పెట్టాలో మాకు తెలియలేదు. బాగా ఉన్నవాడు, కానీ పిసినారి అని ఊరంతా పేరు. తన మీద తాను పైసా ఖర్చు పెట్టుకోడు, ఉన్నదంతా మిషన్లకు ఇస్తాడు. ఆయన రూలు ఒకటుంది: మిషనరీలు ఒకేచోట పాతుకుపోవద్దు, కొత్త తెగల దగ్గరికి కదులుతూనే ఉండాలి. అందుకే నాలుగేళ్లు నిండకుండానే ఆ ఇద్దరూ మూటాముల్లే సర్దుకోవాల్సి వచ్చింది. పని ఎక్కడ జరగాలో కొండల మీద ఉన్న మనుషులు కాదు, లీడ్స్‌లో కూర్చొని డబ్బు పంపేవాడు చెప్పాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తది.

1897లో వాళ్ల స్థానంలోకి వేల్స్ దేశపు ప్రెస్బిటేరియన్ మిషన్ వచ్చింది. ఆ మిషన్ అప్పటికే 1841 నుంచి ఖాసీ కొండల్లో ఉంది. మిజోరంలో ఉండి పని చేయడానికి వచ్చిన మొదటి వేల్స్ మిషనరీ డి.ఇ. జోన్స్.

ఇప్పుడు అసలు సంగతి. 1910లో ఐజాల్‌లోని మిషన్ వెంగ్ సంఘంలో ఒక పద్ధతి మొదలైంది. మిజో భాషలో దాని పేరు బుహ్‌ఫాయ్ థామ్. బుహ్‌ఫాయ్ అంటే దంచిన బియ్యం, థామ్ అంటే గుప్పెడు. ఇంట్లో వంట చేసే ఆడమనిషి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎసట్లో బియ్యం పోసే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి పక్కన వేరే డబ్బాలో వేస్తది. సంఘం ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగు చేస్తారు. దాన్ని అమ్మగా వచ్చిన డబ్బు సంఘం పనికి పోతది. అంతే. ఇందులో పెద్ద ప్లాన్ ఏమీ లేదు.

కానీ ఒక్కసారి ఆలోచించండి. 1910లో ఆ కొండల్లో రూపాయి ఎంతమంది చేతిలో ఉండేది? ఉన్నా మగవాళ్ల దగ్గరే. ఆడమనిషి కోడి కూయక ముందే లేచి వడ్లు దంచాలి, లోయలోకి దిగి నీళ్లు మోసుకురావాలి, కట్టెలు తేవాలి, పోడులో కలుపు తీయాలి. పెళ్లికి ఆమె మీద ఓలి కట్టేవారు. ఆమె చేతిలో ఎవరినీ అడగకుండా తీయగలిగింది ఏదైనా ఉందంటే అది కుండలో పోయబోయే బియ్యమే. ఇంట్లో ఒక్కరి కడుపు కూడా మాడకుండా, అందరి పళ్లెంలోంచీ కొంచెం కొంచెం తగ్గించి తీసింది. మొగుడు సంతకం పెట్టాల్సిన పని లేదు. మా గదిలో ఒకడు దీన్ని "వంటింట్లోంచి మొదలైన ట్రెజరీ" అన్నాడు. వాడు కామర్స్ విద్యార్థి, వాడికి అన్నీ అలాగే కనపడతయ్.

ఆ మరుసటి ఏడే, 1911-12లో, మిజో కొండల్లో మౌతాం వచ్చింది. వెదురు పూసి, ఆ గింజలు తిని ఎలుకలు లెక్కకు మించి పుట్టి, పోడు పంటంతా కొట్టేసే కరువు అది. సుమారు యాభై ఏళ్లకోసారి వస్తది. అంటే బియ్యం మిగిలి ఇచ్చిన జనం కాదు వాళ్లు. కరువు అంచున కూర్చొని గుప్పెడు తీసినవాళ్లు. ఆ కరువు దాటాక కూడా పద్ధతి చావలేదు, ఈరోజుకీ నడుస్తున్నది.

తర్వాత జరిగింది చూస్తే ఆ గుప్పెడు విలువ తెలుస్తది. 1959లో మళ్లీ మౌతాం. ప్రభుత్వం సరిగా పట్టించుకోలేదన్న కోపంలోంచి మిజో ఉద్యమం పుట్టింది. 1966 మార్చిలో తిరుగుబాటు, ఐజాల్ మీద విమానాల నుంచి బాంబులు. 1967 నుంచి ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించి రోడ్డు పక్కన గుంపుగా కుదించారు. 1968లో విదేశీ మిషనరీలందరినీ వెళ్లిపొమ్మన్నారు. తెల్లవాళ్లు పోతే, వాళ్ల డబ్బు ఆగితే ఈ చర్చీలు ఏడాదిలో మూతపడతాయని అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. మూతపడలేదు. పాస్టర్లకు జీతాలు ఆగలేదు. 1928లో మిషన్ పెట్టిన డుర్ట్‌లాంగ్ ఆసుపత్రిని ఇప్పుడు మిజో సంఘమే నడుపుతున్నది. బయటి నుంచి డబ్బు తెచ్చుకోవడం మానేసి, వేరే రాష్ట్రాలకు వాళ్లే మనుషుల్ని పంపుతున్నారు. ఆర్థింగ్టన్ పొమ్మంటే పోవాల్సిన రోజు నుంచి, ఎవరు పొమ్మన్నా ఆగని రోజు దాకా వచ్చారు. మధ్యలో ఉన్నది బియ్యం డబ్బా ఒక్కటే అని మేం అనం. దశమభాగాలు ఉన్నాయి, చదువు ఉంది, వాళ్ల జాతి పట్టుదల ఉంది. కానీ అందులో ప్రతి ఇంటి ఆడమనిషి చెయ్యి ఉన్నదంటే అది ఆ డబ్బా వల్లే.

ఇక్కడ వేల్స్ గురించి ఒక చిన్న సంగతి చెప్పాలి. ఎందుకంటే మేం దశమభాగం అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందని వెతుకుతుంటే అక్కడికే పోయి తగిలింది. వేల్స్‌లో చాలామంది రైతులు తమ సొంత ప్రార్థనా మందిరాలకు పోయేవాళ్లు. వాటిని నడిపింది వాళ్ల చందాలే. కానీ చట్టం ప్రకారం దశమభాగం మాత్రం ఇంగ్లండు ప్రభుత్వ చర్చికి కట్టాలి, వాళ్లు అడుగు పెట్టని చర్చికి. 1880ల చివర్లో పంట ధరలు పడిపోయినప్పుడు రైతులు కట్టం పొమ్మన్నారు. అధికారులు వచ్చి పశువులను జప్తు చేసి వేలం వేయబోతే ఊరు ఊరంతా అడ్డం పడింది. పోలీసులు, సైనికులు దిగారు. చరిత్రలో దాన్ని దశమభాగ యుద్ధం అంటారు. డి.ఇ. జోన్స్ అప్పటికి మన వయసు కుర్రాడు. 1891లో చట్టం మార్చి ఆ భారం కౌలు రైతు మీద నుంచి భూస్వామి మీదికి నెట్టారు. 1920లో వేల్స్‌లో ప్రభుత్వ చర్చి అనేదే పోయింది. అంటే ఒకే మాట, ఒకే మతం, ఒకే ఊరు. ఒక చోట ఇష్టంగా ఇచ్చిన పెన్నీ, ఇంకో చోట పశువును తోలుకుపోయే పన్ను.

ఆ పన్ను యూరప్ అంతటా ఉండేది. 585లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని మాకోన్‌లో జరిగిన బిషప్పుల సభ దశమభాగం కట్టనివాళ్లను వెలివేయాలంది. 779లో షార్లమేన్ రాజు దాన్ని రాజ్య చట్టం చేశాడు. వెయ్యేళ్లు నడిచింది. 1789లో ఫ్రెంచి విప్లవం మొదలైన నెల రోజుల్లోపే ఎత్తేసిన వాటిలో ఇదీ ఒకటి. మన తాతలు జమీందారు మనిషికి, ఫారెస్టు గార్డుకు కోళ్లు, ధాన్యం ఇచ్చిన కథలు విన్నవాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

మరి మొదట్లో ఎట్లా ఉండేది? మా గదిలో బైబిల్ ఉంది. దాన్ని ఈసారి భక్తితో కాదు, చరిత్ర పుస్తకం చదివినట్టు పెన్సిల్ పట్టుకొని చదివాం. ప్రసంగాల్లో రోజూ చెప్పే వచనాల పైనా కిందా ఏముందో చూశాం. చాలా ఆశ్చర్యపోయాం.

దశమభాగం అనగానే అందరూ చెప్పేది మలాకీ మూడో అధ్యాయం పదో వచనం. దశమభాగమంతా దేవుని కొట్టులోకి తెండి, ఆశీర్వాదం కుమ్మరిస్తాను అనే భావం. మంచిదే. అదే అధ్యాయంలో ఐదు వచనాలు పైకి పోండి. కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్లు, విధవరాళ్లనూ తండ్రి లేని పిల్లలనూ బాధపెట్టేవాళ్లు, పరదేశికి అన్యాయం చేసేవాళ్లు, వీళ్ల మీద సాక్ష్యం చెప్పడానికి వస్తానని అదే దేవుడు అంటాడు. పదో వచనం ఆటోల వెనక కూడా కనపడుతది. ఐదో వచనం రాసిన ఆటో మాకు ఇంకా కనపడలేదు. ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయంలో ఇంకో విడ్డూరం: ఆ పదో వంతును ఇచ్చినవాడే తన ఇంటివాళ్లతో కలిసి దేవుని ఎదుట కూర్చొని తిని సంతోషించాలి. మూడేళ్లకోసారి ఆ భాగం ఊళ్లోనే పెట్టి, భూమి లేని లేవీయులు, పరదేశులు, అనాథలు, విధవరాళ్లు కడుపునిండా తినాలి. అది డబ్బు కాదు, ధాన్యం, నూనె, పశువులు. మన కొత్తల పండుగకు కొంచెం దగ్గరగా లేదూ?

రెండు కాసులు వేసిన బీద విధవరాలి కథ మార్కు పన్నెండో అధ్యాయంలో ఉంది. ఆమె ఉన్నదంతా ఇచ్చింది, మీరూ అట్లా ఇవ్వండి అని చెప్తారు. ఆ కథకు సరిగ్గా ముందు వచనంలో యేసు ఏమన్నాడు? పొడుగు ప్రార్థనలు చేస్తూ విధవరాళ్ల ఇళ్లు మింగేవాళ్ల గురించి జాగ్రత్త అన్నాడు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే, ఆమె రెండు కాసులు కూడా పోగొట్టుకున్న పరిస్థితి గురించే ఆయన బాధపడ్డాడేమో అనిపిస్తది. మా గదిలో దీని మీద రెండు రాత్రులు వాదన నడిచింది. చర్చికి పోయే ముగ్గురూ ఒక్క మాట మీద లేరు.

పౌలు అనే ఆయన యెరూషలేములోని బీదల కోసం చాలా ఊళ్ల సంఘాల దగ్గర చందా వసూలు చేశాడు. కొరింథు వాళ్లకు రాసిన ఉత్తరాల్లో ఉంది. వారం వారం ఎవరికి వాళ్లు ఉన్నంతలో పక్కన పెట్టుకోమన్నాడు. బలవంతంగా కాదు, మనసులో అనుకున్నంతే అన్నాడు. బాగా ఇచ్చింది మాసిదోనియ అనే చోటి బీదవాళ్లే అని రాశాడు. అన్నిటికంటే మాకు నచ్చింది వేరే. ఆ డబ్బు ఆయన ఒక్కడే మోసుకుపోలేదు. ఇచ్చిన సంఘాలు ఎంచుకున్న మనుషుల్ని వెంట తీసుకుపోయే ఏర్పాటు చేశాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో రేపు ఎవరూ తన మీద వేలు చూపకూడదు అన్నాడు. అంతటి ఆయనే సాక్షుల్ని పెట్టుకున్నాడు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో మొదటి సంఘంలో పుట్టిన గొడవ కూడా పంపకం గొడవే. గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు రోజూ పెట్టే భోజనం సరిగా అందటం లేదని ఫిర్యాదు వచ్చింది. ఫిర్యాదు చేసినవాళ్లను విశ్వాసం లేనివాళ్లని తిట్టలేదు. ఏడుగురిని ఎన్నుకోమని ఆ పని వాళ్లకు అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే.

ఆ తర్వాతి వందేళ్లలో కూడా లెక్క స్పష్టంగానే ఉంది. సుమారు 155లో రోమ్‌లో జస్టిన్ అనే ఆయన రాశాడు: ఆదివారం వచ్చిన కానుక అనాథలకు, విధవరాళ్లకు, జబ్బుపడ్డవాళ్లకు, జైల్లో ఉన్నవాళ్లకు, దూరం నుంచి వచ్చినవాళ్లకు పోతది. సుమారు 197లో ఆఫ్రికాలోని కార్తేజ్ నుంచి టెర్టులియన్ రాసింది కూడా ఇంచుమించు అదే. నెలకోసారి ఇష్టమున్నవాళ్లు ఉన్నంతలో వేస్తారు, దాంతో బీదవాళ్ల శవాలకు మట్టి ఇస్తారు, ముసలి బానిసలను చూసుకుంటారు. రాజ్యం చేతికి పోకముందు మాట ఇది.

ఇక మన తెలుగు నేల. "బియ్యానికి మారిండ్రు" అన్న మాటకు జవాబు ఒంగోలులో దొరికింది. 1876-78 నాటి పెద్ద కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత ముక్క కాంట్రాక్టు తీసుకొని కరువు జనానికి, ఎక్కువగా మాదిగ కుటుంబాలకు, కూలి ఇప్పించాడు. జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వనన్నాడు. తిండి కోసం వచ్చారనే అనుమానం ఎవరికీ ఉండకూడదని సంవత్సరం పైగా ఆపేశాడు. కరువు పని ముగిసి, పంచడానికి ఏమీ లేనప్పుడు మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది. ఎప్పుడూ ఎవరూ తిండి కోసం పోలేదని మేం చెప్పడం లేదు. ఆకలిగొన్నవాడు అన్నం ఉన్నచోటికి పోతాడు, అందులో సిగ్గుపడాల్సింది వాడు కాదు. కానీ అందరూ బియ్యానికే అనే మాట ఈ తేదీ ముందు నిలబడదు.

మన ఏజెన్సీకి ఇంకా దగ్గరగా వస్తే దుమ్ముగూడెం. గోదావరి మీద పడవల దారి పనులు చేయించిన హేగ్ అనే ఇంజనీరు 1860 ప్రాంతంలో అక్కడ కోయవాళ్ల కోసం మిషన్ పెట్టించాడు. జాన్ కెయిన్ అనే మిషనరీ అక్కడ చాలా ఏళ్లుండి కోయవాళ్ల ఆచారాల గురించి రాశాడు. అక్కడ డబ్బు బయటిది, నిర్ణయం కూడా బయటిదే. మంచి జరిగింది, బడి వచ్చింది, మందులు వచ్చాయి. అయినా మన ముత్తాతలు అందులో తీసుకునేవాళ్లుగానే రాయబడ్డారు.

ఈ తేడా అప్పట్లోనే కొందరికి తెలుసు. చర్చి మిషనరీ సొసైటీకి 1841 నుంచి 1872 వరకు కార్యదర్శిగా ఉన్న హెన్రీ వెన్ ఇదే చెప్పాడు: సంఘం తన ఖర్చు తాను భరించాలి, తనను తాను పాలించుకోవాలి, తానే వ్యాపించాలి. ఈ మూడూ ఒకదానికొకటి ముడి. ఖర్చు ఇంకొకరు పెడితే పాలన కూడా వాళ్లదే అయితది. ఆర్థింగ్టన్ గుర్తున్నాడుగా.

ఈ మాటను మన దగ్గర చేసి చూపిన మనిషి వి.ఎస్. అజరయ్య. తిరునల్వేలి వైపు తమిళుడు. అక్కడి సాదా క్రైస్తవులు తమ సొంత డబ్బుతో 1903లో ఒక మిషన్ సంఘం పెట్టుకొని, నైజాం రాజ్యంలోని డోర్నకల్‌ను పని చోటుగా ఎంచుకున్నారు. మనకు తెలిసిన డోర్నకల్ జంక్షనే. అజరయ్య తెలుగు నేర్చుకొని 1909లో అక్కడికే వచ్చి ఉన్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన చుట్టూ ఉన్నది ఎక్కువగా మాల, మాదిగ పల్లెలు, రోజు కూలీలు. వాళ్లు బీదవాళ్లు, వాళ్లనేం అడుగుతాం అనే జాలిని ఆయన ఒప్పుకోలేదు. కానుక ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశాడు. డోర్నకల్ పెద్ద గుడి 1939లో ప్రతిష్ఠ అయింది. దాన్ని చూసినవాళ్లకు తెలుసు, అది లండన్ గుడిలా ఉండదు, మన గోపురాలు, గుమ్మటాలు, స్తంభాలు కలిసి ఉంటయ్. కోత పండుగకు వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి పెట్టి తర్వాత వేలంపాట పాడే ఆచారం తెలుగు సంఘాల్లో ఇప్పటికీ ఉంది. పిడికెడు బియ్యం మాట మన చర్చీల్లోనూ ముసలమ్మలకు తెలుసు.

1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. యూరప్, అమెరికా పెద్దలు నిండిపోయిన ఆ సభలో అజరయ్య లేచి, మీరు మాకు చాలా ఇచ్చారు, ఇప్పుడు మమ్మల్ని స్నేహితులుగా చూడండి అనే అర్థంలో మాట్లాడాడు. చాలామంది తెల్లవాళ్లకు కోపం వచ్చింది. తీసుకునేవాడు సమానంగా కూర్చుంటానంటే ఇచ్చేవాడికి ఎప్పుడూ కష్టమే. అదే 1910లో ఐజాల్‌లో ఆడవాళ్లు ఎవరికీ ఉపన్యాసం ఇవ్వకుండా బియ్యం డబ్బా పక్కన పెట్టారు.

ఇంతవరకు చదివి కొందరు మురిసిపోతుంటారు. ఆగండి, ఇప్పుడు రెండో మాట. మా గదిలోని ఒకరి ఇంట్లో జరిగింది, ఒప్పుకున్నాకే రాస్తున్నాం. వాళ్లమ్మ తునికాకు కూలి డబ్బు, దాని మీద మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు కలిపి "విత్తన కానుక" అని ఒక ప్రసంగీకుడికి ఇచ్చింది. విత్తితే వందరెట్లు వస్తదన్నారు. ఆ ఏడు పత్తి పోయింది. అడిగితే విశ్వాసం తక్కువైందన్నారు. పిల్లవాడి పరీక్ష ఫీజు మేం ఐదుగురం వేసుకొని కట్టాం.

ఈ విత్తన కానుక ఎంత పాతదో వెతికాం. బైబిల్లో విత్తడం, కోయడం అనే పోలిక ఉంది, పౌలు కూడా వాడాడు, బీదవాళ్లకు పంచే చందా గురించి. కానీ బోధకుడికి డబ్బు పంపితే దేవుడు నీకు డబ్బు తిరిగి ఇస్తాడనే పద్ధతిగా దాన్ని ప్రచారం చేసినవాళ్లలో పెద్ద పేరు అమెరికా టీవీ ప్రసంగీకుడు ఓరల్ రాబర్ట్స్‌ది. దాని మీద ఆయన పుస్తకం 1970లో వచ్చింది. 1987లో ఇదే పెద్దమనిషి, మార్చిలోగా 80 లక్షల డాలర్లు పోగవకపోతే దేవుడు తనను తీసుకుపోతాడని టీవీలో చెప్పి వసూలు చేశాడు. అంటే దీని వయసు మన అమ్మానాన్నల వయసు. మోషే కాలం నాటిది కాదు. మనం విజ్జ పండుం చేసుకునే జనం. ఇంటింటి విత్తనం గ్రామదేవత దగ్గర పెట్టి, తర్వాత తీసుకుపోయి మన చేనులోనే వేసుకుంటాం. విత్తనం ఎక్కడ వేయాలో మనకు ఇంకొకరు చెప్పాలా?

మిజోరం గుప్పెడుకూ దీనికీ తేడా ఏమిటంటే, అక్కడ తీసింది ఉన్నదాంట్లోంచి, అప్పులోంచి కాదు. పోగు చేసింది పక్కింటి ఆడవాళ్లే. సంఘం కమిటీ ముందు లెక్క ఉంటది. ఎవరికి ఏం తిరిగొస్తదో అని కాదు, ఊరికి ఏం వస్తదో అని. అక్కడ కూడా అంతా తేనె కాదని మాకు అనుమానమే. వారం వారం గుమ్మం ముందుకు డబ్బా వస్తే ఈ వారం లేవు అని చెప్పడం ఎంత కష్టమో ఊళ్లో పెరిగినవాళ్లందరికీ తెలుసు. ఇష్టం అనే మాటకూ మొహమాటం అనే మాటకూ మధ్య గీత చాలా సన్నం. పాడేరు, అరకు వైపు ఇటుకల పండుగకు అక్కలు రోడ్డుకు అడ్డం కట్టి బండ్లాపి పైసలు అడుగుతారే, అందులో నవ్వు ఉంటది, ఆ డబ్బుతో ఊరంతా కలిసి తింటది. ఆ నవ్వు పోతే అది వసూలే.

ఇప్పుడు మా ఊళ్ల సంగతి. మాలో ఒకరి ఊరి చిన్న చర్చిలో రెండేళ్ల నుంచి ఇంటర్ చదివే చెల్లెలు ఒకామె కానుకల పుస్తకం రాస్తున్నది. పొదుపు సంఘం పుస్తకం చూసి నేర్చుకుంది: తేదీ, వచ్చింది, పోయింది, మిగిలింది, ఇద్దరి సంతకాలు. నెలాఖరు ఆదివారం ఆరాధన అయ్యాక గట్టిగా చదువుతది. మొదటిసారి చదివినప్పుడు పెద్దలు ముఖం మాడ్చుకున్నారు. దేవుని డబ్బుకు లెక్కేంటి అన్నారు. అప్పుడొక అవ్వ లేచి, "పొదుపులో పది రూపాయలకు లెక్క చెప్తిరి, దేవుని దానికి చెప్పరా?" అన్నది. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. పోయిన వానాకాలంలో ఆ పుస్తకంలోంచే జ్వరం వచ్చిన ఇద్దరిని భద్రాచలం తీసుకుపోవడానికి ఆటో కిరాయి ఇచ్చారు. ఆ ఇద్దరిలో ఒకరు చర్చికి పోయేవాళ్లు కాదు.

గ్రూపులోంచి వెళ్లిపోయిన ఇద్దరు అన్నలకూ ఈ పోస్టు విడిగా పంపుతున్నాం. మీ ఇళ్లలో అవ్వలు, నానమ్మలు ఉంటే ఒక మాట అడగండి. వండే ముందు బియ్యం తీసి పక్కన పెట్టేవాళ్లా, ఏ డబ్బాలో, ఎవరొచ్చి తీసుకుపోయేవాళ్లు, ఆ బియ్యం ఏమైంది. చర్చికైనా సరే, గ్రామదేవత జాతరకైనా సరే, పోడు కేసుల్లో జైలుకు పోయినవాళ్ల కుటుంబాలకైనా సరే. వాళ్లు చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే, కోయలోనైనా లంబాడీలోనైనా రాసి పంపండి. ఊరి పేరు, సుమారు ఏ ఏడు అనేవి మాత్రం మర్చిపోవద్దు. సెమిస్టర్ పరీక్షలు అయ్యాక అన్నీ ఒకచోట చేర్చి ఫైలు చేస్తాం.